గ్రాము మాంగనీస్ పోర్ఫిరిన్ కొన్నాం, అరగంటలో పచ్చరంగు పోయింది (3/5)

అమలాపురం దగ్గర మా కాలేజీ ల్యాబ్‌కి హైదరాబాద్ సప్లయర్ ఒకాయన దగ్గర (పేరెందుకులెండి) మాంగనీస్ టెట్రాఫినైల్ పోర్ఫిరిన్ క్లోరైడ్ ఒక గ్రాము తెప్పించామండి (పోర్ఫిరిన్ అనే పెద్ద కార్బన్-నైట్రోజన్ రింగు నడుమ మాంగనీస్ కూర్చున్న క్యాటలిస్ట్ ఇది; ఆల్కీన్ డబుల్ బాండ్‌కి ఆక్సిజన్ తగిలించి ఎపాక్సైడ్‌గా మారుస్తుంది). ప్యాకింగ్‌కి వంక పెట్టేదేం లేదు, రావులపాలెంలో కొరియర్ వాడు రెండ్రోజులు పడేసినా మన ఉక్కపోతకి పౌడర్ గడ్డకట్టలేదు. డైక్లోరోమీథేన్‌లో చిటికెడు కలిపితే ముదురు పచ్చ, కాంతిని ఎక్కడ పీల్చుకుంటుందో చూపే స్పెక్ట్రంలో 478 నానోమీటర్ల దగ్గర పీకు నిటారుగా నిలబడింది, అంటే సరుకు అసలుదే.

గొడవంతా పెరాక్సైడ్ పోశాకే. "ఏ ఆక్సిడెంట్‌నైనా తట్టుకుంటదండి, ఢోకా లేదు" అన్నాడా సప్లయర్ ఫోన్లో (ఆక్సిడెంట్ అంటే పెరాక్సైడ్ లాంటి ఆక్సిజన్ అందించే మందు), మేమూ నమ్మేసి సైక్లోఆక్టీన్ అనే ఆల్కీన్ ఉన్న ఫ్లాస్కులో 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒకేసారి గుమ్మరించేశాం, బుసబుసా బుడగలొచ్చాయి, చూస్తుండగానే ఆ పచ్చ కాస్తా ఎండుగడ్డి రంగుకొచ్చేసింది (వరి ఆకులో క్లోరోఫిల్ కూడా ఈ కుటుంబమే కదా, అదీ ఇలాగే వెలిసిపోద్ది), మళ్లీ స్పెక్ట్రం తీస్తే 478 దగ్గర ఏం మిగల్లేదు.

తప్పు సగం మాదేనండి. ఇంకేం తోడు లేని ఒట్టి మాంగనీస్ పోర్ఫిరిన్‌తో పెరాక్సైడ్ కలిస్తే రాడికల్స్ (జత లేని ఎలక్ట్రాన్‌తో దేన్నైనా కొరికే ముక్కలు) పుడతాయి, పైగా ఆక్సిజన్ పట్టుకున్న మాంగనీస్‌కి ఆల్కీన్ అందేలోపే పక్కనున్న ఇంకో పోర్ఫిరిన్ దొరికితే దాని రింగునే కొరికేస్తుంది, ముందు దెబ్బ తినేది మీసో కార్బన్లే (రింగులోని చిన్న రింగుల్ని కలిపే వంతెన కార్బన్లు). కంచే చేను మేసినట్టు. రెండోసారి ఇమిడజోల్ కలిపి (అది మాంగనీస్‌ని వెనకనుంచి పట్టుకుని పెరాక్సైడ్ బంధం రాడికల్స్‌గా చీలడం తగ్గిస్తుంది) పెరాక్సైడ్ చుక్కచుక్కగా రెండు గంటలు వేస్తే ఎపాక్సైడ్ బాగానే వచ్చింది, రంగూ చాలావరకు నిలబడింది.

1979లో కెమిస్ట్ గ్రోవ్స్ వాళ్లు ఐరన్ పోర్ఫిరిన్‌తో, అయడోసిల్‌బెంజీన్ అనే ఆక్సిడెంట్‌తో ఇదే పని చేసినప్పట్నుంచీ ఉన్న తలనొప్పే ఇది. దీనికి విరుగుడుగా గట్టి రకం పోర్ఫిరిన్లున్నాయి: 2,6-డైక్లోరోఫినైల్ రకంలో క్లోరిన్లు మీసోకి అడ్డం నిలబడతాయి, పెంటాఫ్లోరోఫినైల్ రకంలో ఫ్లోరిన్లు ఎలక్ట్రాన్లు లాగేసుకుని రింగు తేలిగ్గా ఆక్సిడైజ్ కాకుండా చూస్తాయి, రేటు మాత్రం రొయ్యల చెరువు లీజులా ఉంటదండి బాబూ.

రెండు స్టార్లు కోసింది ఆ ఫోన్ మాటకే. కొనేవాళ్లు ముందు ఆల్కీన్ లేకుండా కాస్త పౌడర్, మీరు వాడబోయే ఆక్సిడెంట్ చిన్న సీసాలో కలిపి పెట్టి చూసుకోండి, పావుగంటలో రంగే చెప్పేస్తుంది.