నన్నారి బీరు సీసాలతో సికింద్రాబాద్ నుంచి దామలచెరువు దాకా

ప్రతి మే నెలలో, బెంగళూరా (తోతాపురి) మామిడికాయ కోతకు రాకముందు, తిరుపతి అవతల దామలచెరువు దగ్గర మా చిన్నాయన మామిడితోటలో చుట్టాలందరం కలుస్తాం. మూడేళ్ళుగా ఆ రోజుకి నేను హైదరాబాద్‌లో ఇంట్లో చేసిన నన్నారి బీరు తీసుకెళ్తున్నాను. బీరు అంటే హాప్స్, మాల్ట్ వేసి కాచేది కాదు. నన్నారి (సుగంధి) వేరు, అల్లం, బెల్లం మరిగించి చల్లార్చి, అల్లం తోడు (అల్లం, చక్కెర నీళ్ళలో పులియబెట్టినది) వేసి రెండు మూడు రోజులు పులియబెట్టి సీసాల్లో పోస్తాను. గ్యాస్ పడుతుంది, నురగ వస్తుంది, ఆల్కహాల్ కూడా ఎంతో కొంత ఉంటుంది, అది దాచాల్సిన పని లేదు. అందుకే పిల్లలకు ఇవ్వం.

మొదటి ఏడాది ప్రైవేట్ బస్సులో వేసుకెళ్ళాను. 20 సీసాలు, ఒక్కోదానికి పాత బట్టలు చుట్టి, అట్టపెట్టెల్లో గట్టిగా కూరి డిక్కీలో పెట్టించాను. కదలకుండా ఉంటే చాలనుకున్నాను, అసలు తప్పు అక్కడే జరిగింది. డిక్కీ ఇంజన్ పక్కనే, రాత్రంతా వేడి. తిరుపతిలో దిగి తెరిస్తే ఆరు సీసాలు పగిలి ఉన్నాయి, పక్కనున్న ఒకావిడ సంచి తడిసింది, ఆవిడ ఏమీ అనలేదు గానీ నాకు ఇప్పటికీ బాధే.

సీసాలు పగిలింది కుదుపుకి కాదు, వేడికి. సీసాలో తీపి మిగిలి ఉన్నంతసేపు ఈస్ట్, అంటే పులియబెట్టే సూక్ష్మజీవి, పని చేస్తూనే ఉంటుంది. తిన్న చక్కెరలో బరువు లెక్కన దాదాపు సగం గ్యాస్ అవుతుంది, మిగతా సగం ఆల్కహాల్. ఫ్రిజ్ చలిలో ఈస్ట్ నిద్రపోతుంది, వెచ్చబడితే లేస్తుంది. దానికి తోడు, అదే ఒత్తిడి దగ్గర 4 డిగ్రీల నీళ్ళు పట్టుకునే గ్యాస్ 30 డిగ్రీల నీళ్ళు పట్టుకునేదానికి రెట్టింపు పైనే, అంటే వేడెక్కేకొద్దీ ఆ గ్యాసంతా బయటికొచ్చి మూత మీద, గాజు మీద పడుతుంది. ఇది అర్థమయ్యాక సీసాలో పోసేటప్పుడు లీటరుకి ఆరేడు గ్రాములకు మించి చక్కెర కలపడం మానేశాను. రెండు వేళ్ళ ఖాళీ వదులుతాను. గాజు సీసాలతో పాటు ఒక ప్లాస్టిక్ సోడా సీసాలో కూడా అదే పోస్తాను. అది నొక్కితే రాయిలా ఉందంటే మిగతావన్నీ వెంటనే ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. ఈ ఒక్క అలవాటు నాకు సగం టెన్షన్ తగ్గించింది.

రెండో ఏడాది కర్నూలు, కడప మీదుగా కారులో వెళ్ళాం. సీసాలకు ఏమీ కాలేదు, కానీ మే ఎండలో భోజనానికి ఆగిన ప్రతిసారీ ఒకరు ఏసీ వేసుకుని కార్లోనే కూర్చోవాల్సి వచ్చింది. డీజిల్ ఖర్చు, ఒళ్ళు నొప్పులు కలిపి చూస్తే మళ్ళీ ఆ పని చేయను.

ఈసారి సికింద్రాబాద్–తిరుపతి వందేభారత్. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఈ బండి దాదాపు ఎనిమిదిన్నర గంటల్లో దింపేస్తుంది, పైగా దారి పొడుగునా ఏసీ. నా సరుకుకి ఇంతకంటే మంచి సర్వీసు లేదు. చైర్ కార్లో 40 కిలోల వరకు సామాను ఉచితం, నా రెండు పెట్టెలూ కలిపి 20 కూడా లేవు. చేపలు పంపే థర్మాకోల్ పెట్టెలు కొని, ఒక్కోదాంట్లో తొమ్మిది సీసాలు నిలబెట్టి, సందుల్లో ఐస్ ప్యాక్‌లు దూర్చాను. పడుకోబెట్టకూడదు, అడుగున చేరిన మడ్డి అంతా కలిసిపోతుంది. ఒక పెట్టె కాళ్ళ దగ్గర, ఒకటి పైన రాక్ మీద. కాళ్ళు చాపుకోవడానికి మాత్రం చోటు ఉండదు.

తిరుపతిలో ఒక రాత్రి ఆగాం. స్టేషన్ ఎదురుగా ఉన్న విష్ణు నివాసం దర్శనానికి వెళ్ళేవాళ్ళకి ఎంతో అనువు, మామూలుగా అక్కడే దిగేవాళ్ళం. కానీ దేవస్థానం వసతిలోకి పులిసిన పానీయం తీసుకెళ్ళడానికి మనసొప్పలేదు. దగ్గర్లోనే ఫ్రిజ్ ఉన్న హోటల్ గది తీసుకున్నాం. గది శుభ్రం, వేడినీళ్ళు, సిబ్బంది మర్యాద అన్నీ బాగున్నాయి. ఒక్క లోపం, తలుపు కార్డు తీసి బయటికెళ్తే గదిలో కరెంటు మొత్తం పోతుంది, ఫ్రిజ్‌తో సహా. సాయంత్రం గోవిందరాజస్వామి గుడికి వెళ్ళొచ్చేసరికి సీసాలు వెచ్చబడ్డాయి, గుండె జారిపోయింది. రిసెప్షన్‌లో అడిగితే మారు మాట్లాడకుండా ఇంకో కార్డు ఇచ్చారు. మీరు గదిలోకి దిగగానే ఈ సంగతి అడగండి.

మర్నాడు ఉదయాన్నే శ్రీవారి మెట్టు ఎక్కి దర్శనం చేసుకున్నాం, 2,388 మెట్లు. కొండ మీదకి మద్యం, మాంసం, పొగాకు నిషిద్ధం. ఇంట్లో చేసిందే కదా, కొంచెమే కదా అని ఎవరూ ఒక్క సీసా కూడా సంచిలో వేసుకోవద్దు, తనిఖీకి భయపడి కాదు, అక్కడి పద్ధతి అది. మావి కింద ఫ్రిజ్‌లోనే ఉన్నాయి.

దామలచెరువుకి క్యాబ్ మాట్లాడుకున్నాం. బస్సు చాలా చవక, పెట్టెలు లేకపోతే బస్సే మేలు. డ్రైవరన్న పెట్టెలు డిక్కీలో వద్దని తనే వెనక సీటు మీద పెట్టించి, ఏసీ ఆపకుండా నడిపాడు.

తోటలో ఫ్రిజ్ లేదు. మోటారు నీళ్ళ తొట్టిలో ఐసు గడ్డలు వేసి, సీసాలు మెడ దాకా ముంచి, పైన తడి గోనెసంచి కప్పాం. చిన్నాయన వచ్చి సంచి ఎత్తి చూసి, "ఎన్ని పగిలినాయిరా ఈ తూరి?" అన్నాడు. ఒక్కటీ పగల్లేదు చిన్నాయనా అన్నాను. ఆయన నమ్మలేదు, తొట్టి చుట్టూ తిరిగి తనే లెక్కపెట్టుకున్నాడు, పద్దెనిమిదీ ఉన్నాయి.

వెంటనే తెరవకుండా ఆ రాత్రంతా కదలకుండా ఉంచాం, మడ్డి దిగాలి. మర్నాడు మధ్యాహ్నం సంగటి, నాటుకోడి పులుసు వడ్డించాక మొదటి మూత తీశాను. నురగ మెల్లగా పైకి లేచింది, పొంగిపోలేదు. గ్లాసు వంచి పోసి అడుగున వేలెడు వదిలేశాను. మా పెద్దత్త గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, వాళ్ళమ్మ చేసే నన్నారి వాసనే అంది. ఖాళీ సీసాలు ఆవిడే కడిగి, ఎండబెట్టి, అవే పెట్టెల్లో సర్దింది.