కేయూ క్రాస్‌రోడ్ జిరాక్స్ సెంటర్: స్టార్ గుర్తు పోనియ్యలేదు

హన్మకొండల ఇంగ్లిష్ లెక్చరర్‌గ చేసి రిటైరైన. ఇంటికొచ్చే నలుగురు పిల్లలకు 'రైట్, రోట్, రిటెన్' ఎందుకట్ల మారుతయో చెప్పాల్నని పాత జర్మానిక్ (ఇంగ్లిష్, జర్మన్ పుట్టిన భాషల కుటుంబం) క్రియల మీద 140 పేజీల నోట్సు టైపు చేసిన. ప్రింటు తీసి స్పైరల్ చేయించేందుకు ఈడికి తెచ్చిన.

మొదటిసారి పాడైంది. వర్డ్ ఫైలు వాళ్ల సిస్టంల తెరిస్తే అచ్చుల మీది అడ్డగీతలు లేచిపోయినయ్, కొన్ని అక్షరాల కాడ ఖాళీ డబ్బాలు పడ్డయ్. ఆ గీత మన దీర్ఘం లెక్క. పాత ఇంగ్లిషుల కరుచుడు 'బీటన్', కరిచిండు 'బాట్', కరిచిండ్రు 'బిటొన్', కరవబడ్డది 'బిటెన్'. గీత పోతే బీ, బి ఒక్కటైతయ్. కాలం చెప్పేదే ఆ అచ్చు.

కౌంటర్ మీది తమ్ముడు విసుక్కోలేదు. "పీడీఎఫ్ చేసి తెండ్రి మేడం, ఫాంట్ అండ్లనే ఉంటది" అన్నడు. పాడైన పేజీలకు పైసలు తీసుకోలేదు.

రెండోసారి గీతలన్నీ వచ్చినయ్ గని, టోనర్ సన్నగై కొన్ని పేజీలల్ల స్టార్ గుర్తు కనవడలేదు. "గింత చిన్న స్టార్‌తోని ఏమైతది మేడం?" అని అడిగిండు. కూసొని చెప్పిన. 4వ శతాబ్దంల వుల్ఫిలా అనే బిషప్ గోతిక్‌లకు (ఇంగ్లిషుకు చుట్టమైన, ఇప్పుడు లేని భాష) మార్చిన బైబిల్‌ల 'వస్' అంటే ఉండె, 'వేసున్' అంటే ఉండిరి. రెంట్ల సకారమే. ఇంగ్లిషుల 'వాజ్' పక్కన 'వర్', బహువచనంల ర. డెన్మార్క్ పండితుడు కార్ల్ వెర్నర్ 1875ల కారణం పట్టిండు: ఇంకా పాత కాలంల బహువచనానికి ఊనిక ధాతువు మీద కాక ప్రత్యయం మీద పడేది. అట్ల పడ్డ కాడ సకారం మెత్తబడి జ అయింది, ఇంగ్లిషుల తర్వాత ర అయింది. పెద్ద రాతలు దొరికిన జర్మానిక్ భాషలల్ల గోతిక్ అన్నిట్ల పాతదే గని ఈ తేడాను చెరిపేసుకుంది. ఈ చుట్టపు భాషలన్నీ కలిపి చూసి పండితులు కట్టిన రూపం *వేజున్. అది ఏ రాతల దొరకదు. దొరికిన మాటేదో, కట్టిన మాటేదో చెప్పేది ఆ స్టారే. అది లేకుంటే పిల్లలకు అబద్ధం నేర్పినట్టైతది.

తమ్ముడు టోనర్ మార్చి, పేజీ పేజీ తిప్పి, స్టార్ ఉన్నకాడల్ల పెన్సిల్‌తోని టిక్కు పెట్టి ఇచ్చిండు. అట్ల చేసేటోళ్లు నాకు ఇంకో షాపుల దొరకలేదు.

పేజీకి రూపాయిన్నర, స్పైరల్‌కు 50, మొత్తం 260. రింగులు గట్టిగున్నయ్, ముందటి ప్లాస్టిక్ షీటు మాత్రం పల్చన. సాయంత్రం 5 దాటితే స్టూడెంట్లతోని నిలబడ సందుండది, పొద్దుగాల్నే పోండ్రి. బలహీన క్రియల ('వాక్, వాక్డ్' లెక్క మారేటివి) నోట్సు అయిపోంగనే మళ్ల ఈడికే తెస్త.