గ్వాటెమాల కొండసీమలో మూడు సంతలు

మధ్య అమెరికా దేశమైన గ్వాటెమాల పశ్చిమ కొండసీమలో, మాయా అనే మూలవాసుల సంతలకు ఊరికొక వారం ఉంటుంది. మేము మంగళవారం సొలోలా, గురువారం చిచికాస్తెనాంగో, శుక్రవారం సాన్ ఫ్రాన్సిస్కో ఎల్ ఆల్తో చూసేలా దారి కూర్చుకున్నాము.

సొలోలా సంత మంగళ, శుక్రవారాల్లో జరుగుతుంది. ఆతిత్లాన్ సరస్సు ఒడ్డున ఉన్న పనహాచెల్‌లో బస చేస్తే, అమెరికా పాత స్కూలు బస్సులకు రంగులు వేసి నడిపే బస్సులో కొండెక్కి త్వరగానే చేరవచ్చు. స్త్రీలతో పాటు పురుషులు కూడా సంప్రదాయ దుస్తుల్లో కనిపించే ఊరు ఇది. కాక్‌చికేల్ అనే మాయా భాష మాటల నడుమ ఉల్లి, క్యారెట్ బుట్టలు చేతులు మారుతుంటాయి.

చిచికాస్తెనాంగో సంత గురు, ఆదివారాల్లో సాగుతుంది; అన్నిటికన్నా పేరున్నది ఇదే. చాలామంది గ్వాటెమాలలోనే ఉన్న ఆంతిగ్వా పట్టణం నుండి ఉదయం బయలుదేరి, రెండున్నర మూడు గంటలు ప్రయాణించి, ఎండెక్కాక దిగి, పర్యాటకుల కోసం పేర్చిన ముసుగులు, సంచులు చూసి వెనుదిరుగుతారు. మేము బుధవారం రాత్రికే చేరాము. బసలో వేడినీళ్లు ఉంటాయన్నారు గాని గోరువెచ్చగానే వచ్చాయి, చలికి దుప్పట్లు చాలలేదు. అయినా చీకటితోనే గుంజలు కట్టి అంగళ్లు నిలబెట్టేవారిని చూడాలంటే ఊళ్లోనే పడుకోవాలి. సాంతో తొమాస్ చర్చికి ఉన్న 18 మెట్ల మీద పూలమ్మే స్త్రీలు, కోపాల్ ధూపం వేసి కిచే అనే మరో మాయా భాషలో ప్రార్థించే పెద్దలు కనిపిస్తారు. ఆ మెట్లు వారి పూజాస్థలం కనుక బయటివారు పక్క ద్వారం నుండి వెళ్లాలి, లోపల ఫొటోలు తీయరాదు. శాకాహారులకు మొక్కజొన్న రొట్టెలు, నల్ల చిక్కుడు గింజలు దొరుకుతాయి. ఆ గింజలను కొందరు పంది కొవ్వుతో వండుతారు, అడిగి తినడం మేలు.

నన్ను ఎక్కువసేపు నిలిపినవి మాత్రం బట్టల అంగళ్లే. స్త్రీలు నడుముకు కట్టుకునే 'కోర్తె' బట్టలో 'హాస్పే' అనే నేత ఉంటుంది: నూలును ముందే ముడులు కట్టి రంగులో ముంచి, ఆ తరువాత మగ్గమెక్కిస్తారు. మన పోచంపల్లి వారి పనితనమే అది, ఒక్క సముద్రం కాదు, రెండు సముద్రాల అవతల! పై వస్త్రమైన 'విపీల్'ను నడుముకు బిగించుకునే మగ్గంపై నేస్తారు. మేలైనది ఒకటి పూర్తి కావడానికి నెలలు పడుతుంది, అందువల్ల దాని దగ్గర సగం ధరకు బేరమాడడం నాకు సరికాదనిపించింది.

సాన్ ఫ్రాన్సిస్కో ఎల్ ఆల్తోకు కెత్సాల్తెనాంగో నగరంలో బస చేసి తెల్లవారకముందే బయలుదేరాలి. సుమారు 2,600 మీటర్ల ఎత్తున, ఊరి పైభాగంలోని మైదానంలో పందులు, గొర్రెలు, కోళ్ల బేరాలు పొద్దున్నే జోరందుకుంటాయి. వీధుల్లో బట్టలు టోకున అమ్ముతారు. ఒరుసుకునే జనంలో జేబు జాగ్రత్త అవసరం. పర్యాటకుల కోసం ఏమీ ఉండదు, అందుకే మూడింటిలో ఒకదానికే సమయం ఉన్నవారికి నేను దీనినే చెబుతాను. మేము అక్కడ కొన్న నీలం హాస్పే బట్టను కొలిచి, మడిచి, కాగితంలో చుట్టి ఇచ్చిన అవ్వ, దాని అంచు ఏ వైపు కిందకు రావాలో చేతులతో రెండుసార్లు చూపించింది.