మాస్కోలో ‘ఆర్డర్ ఆఫ్ విక్టరీ’ వెంట: ఏది చూడాలి, ఏది వదిలేయవచ్చు

సోవియట్ యూనియన్ ఇచ్చిన సైనిక పతకాలన్నిటిలోకీ పెద్దది ‘ఆర్డర్ ఆఫ్ విక్టరీ’. రెండో ప్రపంచ యుద్ధం గతినే మార్చేసిన సేనానులకు మాత్రమే ఇవ్వాలని 1943 నవంబరు 8న నెలకొల్పారు. మొత్తం ఇచ్చింది 20 సార్లు, అందుకున్నవారు 17 మంది. మాస్కో వెళ్లేవారిలో చరిత్ర మీద మమకారం ఉన్నవాళ్లు దీన్ని చూడాలని అడుగుతుంటారు. నేనూ అందుకే వెళ్లాను. ముందే చెప్పేస్తున్నాను: పతకాన్ని మాత్రమే చూడాలనుకుంటే పది నిమిషాల పని. దాన్ని ధరించిన మనుషుల జాడ వెతికితే మాత్రం నగరంలో మంచి తిరుగుడే ఉంది.

మొదటి చోటు ఎర్ర మైదానం (రెడ్ స్క్వేర్). డబ్బు ఖర్చు లేదు. పతకం మధ్యలో నీలి ఎనామిల్ మీద చెక్కింది అక్కడ కనిపించే దృశ్యమే: క్రెమ్లిన్ గోడ, లెనిన్ సమాధి, స్పాస్కయా బురుజు. చిత్రకారుడు అలెగ్జాండర్ కుజ్నెత్సోవ్ మొదట గీసిన నమూనాలో లెనిన్, స్టాలిన్ ముఖాలు ఉన్నాయి. బురుజు పెట్టమన్నది స్టాలినే. తన బొమ్మ తీసేయమన్న సందర్భాలు ఆయన జీవితంలో ఎక్కువ ఉండి ఉండవు! 1945 జూన్ 24న విజయోత్సవ కవాతుకు సోవియట్ సేనాని జూకోవ్ తెల్ల గుర్రం మీద బయటికి వచ్చింది ఈ బురుజు ద్వారం నుంచే. కవాతును నడిపించిన మరో సేనాని రొకోస్సోవ్‌స్కీ నల్ల గుర్రం ఎక్కాడు. ఇద్దరూ ఈ పతకం అందుకున్నవాళ్లే, జూకోవ్ అయితే రెండుసార్లు. 1944 ఏప్రిల్ 10న ఇచ్చిన ఒకటో నంబరు ఆయనదే. ఆయన అస్థికలు క్రెమ్లిన్ గోడలో ఉన్నాయి. చరిత్ర మ్యూజియం పక్కన గుర్రం మీద ఆయన విగ్రహం ఉంది. ఉదయం పెందలాడే వెళ్లండి, పది దాటితే ఫొటోల గుంపుల మధ్య నడవడమే కష్టం.

క్రెమ్లిన్ లోపల ‘డైమండ్ ఫండ్’ అనే ప్రభుత్వ రత్నాల ఖజానా విషయంలో నాది మిశ్రమాభిప్రాయం. టికెట్టు విడిగా కొనాలి, గురువారం సెలవు, ఫోటోలు తీయనివ్వరు. ఈ పతకానికీ ఈ ఖజానాకూ సంబంధం ఉంది. ప్లాటినం నక్షత్రం, 16 క్యారెట్ల వజ్రాలు, అయిదు కోణాల్లో కెంపులు పొదిగిన ఈ బిళ్లను సోవియట్ గ్రహీత మరణించాక కుటుంబం ప్రభుత్వానికి తిరిగి ఇచ్చేయాలన్నది ఆనాటి నియమం. అన్నట్టు, ఆ కెంపులు కృత్రిమమైనవి. ఒకే రంగు ఛాయలో అన్ని సహజ కెంపులు దొరకలేదట. అయితే ఇక్కడ తెలుగువాడి కాళ్లను కట్టిపడేసేది వేరే ఉంది. రాణి కేథరిన్ రాజదండంలో పొదిగిన ఓర్లోవ్, పారశీక షా పంపిన ‘షా’ వజ్రం రెండూ గోల్కొండ వజ్రాలుగా పేరుపడ్డవే. ‘షా’ మీద అహ్మద్‌నగర్ సుల్తాను పేరు, షాజహాన్ పేరు చెక్కి ఉన్నాయి. కృష్ణా తీరపు రాయి ఎన్ని చేతులు మారి అక్కడికి చేరిందో తలచుకుంటూ నిలబడ్డాను, వెనకనున్నవాళ్లు విసుక్కున్నారు. టికెట్టు ధర మాత్రం ఎక్కువ. నగలంటే ఆసక్తి లేనివాళ్లు వదిలేయవచ్చు.

నా లెక్కలో డబ్బుకు తగిన చోటు సాయుధ దళాల కేంద్ర మ్యూజియం. దస్తయేవ్‌స్కయా మెట్రో స్టేషన్ దగ్గర, పైనుంచి చూస్తే నక్షత్రాకారంలో కట్టిన సైన్యపు రంగస్థలానికి పక్కనే. సోమ, మంగళవారాలు మూసి ఉంటుంది. భవనం పాతది, వెలుతురు అంతంతమాత్రం, ఇంగ్లీషు పలకలు తక్కువ. అయినా విజయమందిరంలో అడుగుపెడితే ఇవన్నీ మరచిపోతాం. ఆనాటి కవాతులో లెనిన్ సమాధి ముందు విసిరేసిన జర్మన్ జెండాలు అక్కడ గుట్టగా పడి ఉన్నాయి. 1960లో కూల్చిన అమెరికా గూఢచారి విమానం యు-2 శకలాలు కూడా ఈ మ్యూజియంలోనే ఉన్నాయి. ఇక్కడి పర్యవేక్షకులైన ముసలమ్మలు మొదట కసురుతారు. కానీ ఆసక్తిగా చూస్తున్నామని తెలిస్తే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపిస్తారు. భాష అక్కర్లేదు.

పోక్లోన్నయా కొండ మీది విజయ మ్యూజియం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అంతా విశాలం, మెరుపు. యుద్ధం సాగిన 1,418 రోజులకు రోజుకు పది సెంటీమీటర్ల చొప్పున 141.8 మీటర్ల స్తంభం కట్టారు. సోవియట్ యూనియన్ వీరుల పేర్లు చెక్కిన మందిరం బాగుంది. మిగతాదంతా పిల్లలున్న కుటుంబాలకు నచ్చుతుంది, నాకు కాస్త ఆడంబరంగా తోచింది. అక్కడికి చేర్చే పార్క్ పొబేదీ మెట్రో స్టేషన్ లోతు 84 మీటర్లు. ఆ ఎస్కలేటర్ దిగడమే ఒక వినోదం.

బసకు ఇజ్మైలోవో హోటళ్ల సముదాయాన్ని ఎంచుకోవచ్చు. 1980 ఒలింపిక్స్ కోసం కట్టినవి కనుక గదులు విలాసంగా ఉండవు. కానీ పార్తిజాన్‌స్కయా మెట్రో అడుగు దూరం. ఆ స్టేషన్‌లో జర్మన్లు ఉరితీసిన గెరిల్లా యువతి జోయా విగ్రహం ఉంది. సోవియట్ పుస్తకాల తెలుగు అనువాదాలు చదివి పెరిగిన తరానికి పరిచయం అక్కర్లేని పేరు. హోటల్లో ఇంకో సౌకర్యం, విదేశీయులు ఎక్కడ దిగారో అధికారుల దగ్గర చేయించాల్సిన నమోదు వాళ్లే చూసుకుంటారు. మొదట నేను దిగిన అద్దె ఫ్లాటు యజమాని ఆ పని రేపు, మాపు అని తిప్పాడు. విసుగెత్తి హోటలుకు మారాను.

మన వీసా, మాస్టర్ కార్డులు 2022 నుంచి అక్కడ పనిచేయవు. డాలర్లో యూరోలో నగదు తీసుకెళ్లి బ్యాంకులోనే మార్చుకోండి. శాకాహారులు జార్జియా భోజనశాలలు వెతుక్కోండి: జున్ను రొట్టె, చిక్కుడు గింజల లోబియో మన నాలుకకు సరిపోతాయి. క్యాంటీన్లలో ఎర్రగా నోరూరించే బోర్ష్ సూపులో మాంసం ఉంటుంది, అడిగి తీసుకోండి.

ఇజ్మైలోవో సంతలో పతకాలు రాశులుగా అమ్ముతారు. అసలైన ప్రభుత్వ పతకాలను కొనడం, అమ్మడం రష్యాలో నేరం. నకలు అని స్పష్టంగా తెలిసిన బిళ్లనే కొని, రసీదు అడిగి తీసుకోండి. అక్కడ ఒకప్పటి సోవియట్ అధినేత బ్రెజ్నెవ్ బొమ్మలు బోలెడు కనిపిస్తాయి. 1978లో ఆయనకూ ఈ ‘విక్టరీ’ పతకం కట్టబెట్టారు. యుద్ధంలో ఏ సేనా సమూహాన్నీ నడపని మనిషి కదా, 1989లో గోర్బచేవ్ కాలంలో రద్దు చేశారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంత దూరం రానక్కర్లేదు. యుద్ధంలో మిత్రపక్ష సేనాని, తర్వాత అమెరికా అధ్యక్షుడు అయిన ఐసెన్‌హోవర్‌కు ఇచ్చిన పతకం కాన్సస్ రాష్ట్రంలోని ఆబిలీన్‌లో ఆయన పేరిట ఉన్న గ్రంథాలయ మ్యూజియంలో ఉంది.