వాయిదా అలవాటుకు రీడింగ్ రూమ్ మందేనా? విజయనగరంలో చేరి చూశాక

విజయనగరంలో గంటస్తంభం నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో, ఒక మందుల దుకాణం పైఅంతస్తులో నడుస్తున్న ప్రైవేటు రీడింగ్ రూమ్ గురించి ఈ సమీక్ష. ఉద్యోగ పరీక్షలకు చదివేవారి కోసం పెట్టిన గది అది. నేను మాత్రం కొన్నేళ్లుగా ముందుకు కదలని పరిశోధన గ్రంథాన్ని ముగించుకోవడానికి చేరాను. అందువల్ల పనిని రేపటికి నెట్టే అలవాటును ఈ గది ఎంతవరకు వదిలించగలదన్న ప్రశ్నే నాకు ముఖ్యం.

వసతులకు పెద్దగా వంక పెట్టనక్కర్లేదు. చెక్క పలకలతో విడదీసిన బల్లలు, బల్లకో దీపం, ప్లగ్గు, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉన్నాయి. రుసుము నెలకు వెయ్యి రూపాయల లోపే. ఏసీ కింది వరుసలో కూర్చునేవారికి మాత్రం వేసవిలోనూ శాలువా తప్పదు.

ఈ గదికి అసలు విలువ తెచ్చేది గుమ్మం దగ్గరి రిజిస్టరు. ఫోన్‌ను అంకెలు వేసిన చెక్క అరలో పెట్టి టోకెన్ తీసుకున్నాక, పేరు, వచ్చిన సమయం రాసి, చివరి గడిలో ఆ పూట చేయబోయే పని ఏమిటో రాయాలి. 'పాలిటీ' అని రాసి లోపలికి పోబోయిన ఒక కుర్రాణ్ణి అక్కడ కూర్చునే పెద్దాయన ఆపి, "పాలిటీ అంటే ఏటి బాబూ, ఏ పాఠం? ఎక్కడ్నుంచి ఎక్కడికి?" అని అడగడం, అతను దాన్ని కొట్టివేసి 'ప్రాథమిక హక్కులు, 12 నుంచి 35 అధికరణాలు' అని రాశాకే లోపలికి వదలడం నేను చూశాను. నా విషయంలోనూ ఆయన మొహమాటపడలేదు. 'మూడో అధ్యాయం' అని రాస్తే, "మొత్తం ఈ పూటే అయిపోద్దా మేడం?" అన్నారు. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో ప్రచురించిన వ్యాసంలో చెప్పింది దాదాపు ఇదే: బాగా చదవాలన్న సంకల్పం కన్నా, ఎప్పుడు, ఎక్కడ, ఏ పనితో మొదలుపెట్టాలో ముందే తేల్చుకున్న సంకల్పమే ఎక్కువగా ఆచరణలోకి వస్తుంది. ఆ వ్యాసం సంగతి పెద్దాయనకు తెలిసే అవకాశం లేదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

అయితే ఈ రిజిస్టరులో వెళ్లేటప్పుడు ఏం పూర్తయిందో రాసే గడి లేదు. ఇది చిన్న లోపం కాదు. వాయిదా వేయడాన్ని మన ఇళ్లలో బద్ధకం అనేసి ఊరుకుంటాం గానీ, ఫ్యూషా సిరోయిస్, తిమోతీ పిచిల్ అనే పరిశోధకులు 2013లో వాదించిన ప్రకారం, దాని మూలం ఆ పనిని తలచుకోగానే కలిగే విసుగులో, భయంలో, చేతకాదేమోనన్న బెంగలో ఉంటుంది. పనిని పక్కన పెట్టగానే ఆ క్షణానికి మనసు తేలికపడుతుంది కాబట్టి మళ్లీ మళ్లీ పక్కన పెడతాం. బద్ధకమే కారణమైతే ఈ గదిలో అసలు వాయిదాలే ఉండకూడదు. కానీ వచ్చిన పాఠానికే నాలుగు రంగుల గీతలు గీసేవారు, టైమ్‌టేబుల్‌ను ప్రతి సోమవారం కొత్తగా రాసుకునేవారు, లెక్కలంటే బెదిరి కరెంట్ అఫైర్స్‌లోనే తలదాచుకునేవారు ఇక్కడ కొల్లలుగా కనిపిస్తారు. ఇంట్లో వాయిదా వేస్తే అమ్మ తిడుతుంది. ఇక్కడ వేస్తే దాన్ని చదువు అనుకుంటారు.

గడువు దగ్గరపడితే తప్ప కదలని మన స్వభావాన్ని ఈ గది కుర్చీలే చెబుతాయి. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వెలువడి, జూన్‌లో పరీక్షలు మొదలయ్యే లోపు ఇక్కడ కుర్చీ దొరకలేదని, అంతకుముందు సగం ఖాళీగా ఉండేవని పాత సభ్యులు చెప్పారు. దీనికి విరుగుడుగా నిర్వాహకులు ప్రతి ఆదివారం చిన్న పరీక్ష పెడుతున్నారు, అది మంచి ఆలోచన. డాన్ ఏరియలీ, క్లాస్ వెర్టెన్‌బ్రోక్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో ప్రూఫులు దిద్దే పని అప్పగించినప్పుడు, సమాన వ్యవధుల్లో బయటివారు గడువులు విధించిన బృందం ఎక్కువ తప్పులు పట్టుకొని ముందు నిలవగా, గడువులు తామే పెట్టుకున్నవారు మధ్యలోనూ, చివర ఒకే గడువు ఉన్నవారు అందరికన్నా వెనకా ఉండిపోయారు. నాలాంటివారికి ఆదివారం పరీక్ష ఉపయోగపడదు కాబట్టి, పక్క బల్ల దగ్గర అనువాదం చేసుకునే ఆవిడతో ప్రతి శనివారం రాసిన పేజీలు మార్చుకునే ఏర్పాటు చేసుకున్నాను. నా అధ్యాయం కదలడంలో గది కన్నా ఆ శనివారానికే ఎక్కువ వాటా దక్కుతుంది.

మూడు నెలల రుసుము ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటారు, మానేస్తే తిరిగి ఇవ్వరు. ఆ పథకం జోలికి పోవద్దని నా సలహా. డబ్బు కట్టిన రోజునే పని సగం అయిపోయినంత తృప్తి కలుగుతుంది, తరువాత గదికి రావాలన్న తొందర తగ్గిపోతుంది. డబ్బుకు ఇబ్బందిగా ఉన్నవారికి పట్టణంలో ప్రభుత్వ గ్రంథాలయం ఉండనే ఉంది. ఫోన్‌ను ఎవరికి వారే కట్టిపెట్టుకోగలిగితే ఈ ఖర్చు అనవసరం.

పుస్తకం తెరవడమే కష్టమనిపించేవారికి ఈ గదిని నిస్సంకోచంగా సూచిస్తాను. తెరిచిన పుస్తకంలో కష్టమైన పేజీని దాటవేసేవారు మాత్రం ఆదివారం పరీక్షకు పేరిచ్చాకే కుర్చీకి డబ్బు కట్టడం మంచిది. ఉదయం పూట కుర్చీలు త్వరగా నిండిపోతాయి, కిటికీ పక్కవాటికి వీధి మోత ఎక్కువ. దసరా తరువాత పైడితల్లి అమ్మవారి తొలేళ్ల నాడు, మరునాడు సిరిమానోత్సవం నాడు గది తెరవరు. ఆ రెండు రోజులకు రుసుములో మినహాయింపు కూడా ఇవ్వరు.