బయటి ఐపీ లేని సర్వర్లకు ప్రైవేట్ గూగుల్ యాక్సెస్: మూడేళ్లు వాడాక

గూగుల్ క్లౌడ్‌లో నడిచే మా డేటాబేస్ సర్వర్లలో ఒక్కదానికీ బయటి ఐపీ, అంటే ఇంటర్నెట్ నుంచి చేరగలిగే చిరునామా, లేదు. ఉండకూడదని మొదట్లోనే తీర్మానించుకున్నాం. కానీ రోజూ అర్ధరాత్రి దాటాక బ్యాకప్‌ను క్లౌడ్ స్టోరేజ్‌లో దాచాల్సింది ఆ సర్వర్లే, లాగ్‌లు పంపాల్సిందీ అవే. ఈ చిక్కు తీరడానికి, బయటి ఐపీ లేకుండానే గూగుల్ సేవలను చేరనిచ్చే ప్రైవేట్ గూగుల్ యాక్సెస్ పెట్టుకుని మూడేళ్లు దాటింది.

పెట్టుకోవడం ఎంత సులువంటే, సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లో ఒక భాగం) సెట్టింగుల్లో ఒక్క మీట. దాన్ని వేస్తే ఆ సబ్‌నెట్‌లో లోపలి ఐపీ మాత్రమే ఉన్న సర్వర్లు గూగుల్ ఏపీఐలను, అంటే గూగుల్ సేవలను ప్రోగ్రాములు పిలిచే ద్వారాలను, అందుకుంటాయి. సర్వర్‌లో కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు, రీస్టార్ట్ అక్కరలేదు, ఈ సదుపాయానికి విడిగా రుసుమూ లేదు. బయటి ఐపీ ఉన్న సర్వర్లకు ఈ మీటతో సంబంధమే లేదు. మొదటి ఏడాది దీని సంగతే మరిచిపోయాం.

తర్వాత ఒక భద్రతా తనిఖీకి ముందు నేనో ఘనకార్యం చేశాను. ప్యాకెట్లు ఏ దారిన పోవాలో చెప్పే రూట్ పట్టికలో 0.0.0.0/0 (అన్ని చిరునామాలూ అని అర్థం) వరుస ఎదురుగా ‘డిఫాల్ట్ ఇంటర్నెట్ గేట్‌వే’ అని కనబడింది. ఇంటర్నెట్టే వద్దనుకున్న చోట ఇదెందుకని తీసిపారేశాను. ఆ రాత్రి బ్యాకప్ ఆగింది. లాగ్ చూస్తే సర్వీస్ అకౌంట్ (సర్వర్ వాడుకునే ఖాతా) టోకెన్, అంటే గుర్తింపు చీటీ, క్షణంలో వచ్చింది, అప్‌లోడ్ మాత్రం కదలకుండా కూర్చుని చివరికి టైమ్‌ఔట్ అయింది. టోకెన్ వచ్చిందంటే నెట్‌వర్క్ బాగున్నట్టేనని నమ్మి గంటన్నరసేపు అనుమతుల జాబితా తిరగేశాను. ఆ టోకెన్ ఇచ్చేది 169.254.169.254 దగ్గరుండే మెటాడేటా సర్వర్, ప్రతి సర్వర్‌కూ దాని వివరాలు అందించే సేవ. దానికి ఈ రూటుతో పని లేదు, రూటు ఉన్నా పోయినా పలుకుతుంది. అనుమతి లేకపోవడమే జబ్బయితే 403 (అనుమతి లేదనే కోడ్) అని వెంటనే జవాబు వచ్చేది. జవాబే రాలేదంటే దారి లేదని అర్థం. ఇప్పుడు ఎవరు ఫిర్యాదుతో వచ్చినా ‘403 వచ్చిందా, అసలేమీ రాలేదా?’ అన్నదే నా మొదటి ప్రశ్న.

గేట్‌వే పేరులో ఇంటర్నెట్ ఉన్నా, గూగుల్ ఏపీఐలకు వెళ్లే ప్యాకెట్లు గూగుల్ నెట్‌వర్క్ దాటి పోవు. రూటు మాత్రం ఉండి తీరాలి. అంత విశాలమైన రూటు చూస్తే నాలాగే మనసొప్పని వాళ్లు ఈ యాక్సెస్‌కు గూగుల్ కేటాయించిన నాలుగు చిరునామాలు, 199.36.153.8/30కి మాత్రమే రూటు రాసుకోవచ్చు, గేట్‌వే అదే. అప్పుడు పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్‌లో గూగుల్‌ఏపీఐస్ డాట్ కామ్ కింది పేర్లన్నీ ఆ నాలుగు చిరునామాలకే తిరగాలి. ఫైర్‌వాల్ బయటికి పోయే దారులన్నీ మూసి ఉంటే 443 పోర్టు (హెచ్‌టీటీపీఎస్ వెళ్లే ద్వారం) తెరవాలి. మేము ఇవన్నీ చేసి, కంటైనర్ ఇమేజ్‌లు (ప్రోగ్రాముల తయారు మూటలు) పీకేజీ డాట్ డెవ్ అనే వేరే పేరు మీద ఉంటాయన్నది మరిచాం. స్టోరేజ్ చక్కగా పనిచేస్తుంటే ఇమేజ్ డౌన్‌లోడ్ దగ్గర మళ్లీ అదే మౌనం. ఆ పేరుకూ డీఎన్ఎస్‌లో ప్రైవేట్ జోన్ (మా నెట్‌వర్క్‌కే పరిమితమైన పేర్ల పట్టిక) రాశాక కుదుటపడింది.

ప్రైవేట్ అన్న పేరు చూసి డేటా బయటికి పోదని నిశ్చింతగా ఉండేవాళ్లను చాలామందిని చూశాను. ఇది దారి మాత్రమే, కాపలా కాదు. సర్వర్‌లోకి చొరబడినవాడు తన సొంత ఖాతా తాళాలు వెంట తెచ్చుకుంటే, ఇదే దారిలో మన డేటాను క్లౌడ్ స్టోరేజ్‌లోని తన బకెట్‌లోకి నింపుకోగలడు. దాన్ని ఆపేవి వీపీసీ సర్వీస్ కంట్రోల్స్ (గూగుల్ సేవల చుట్టూ గీసే సరిహద్దు), వాటికి తోడు 199.36.153.4/30 మీద ఉండే ‘రిస్ట్రిక్టెడ్’ చిరునామాలు. అన్ని సేవలూ వాటి వెనక దొరకవు కనుక మారే ముందు వాడుతున్న ఏపీఐల చిట్టా రాసుకోవడం మంచిది. మాకు ఆ చిట్టా రాయడానికే రెండు వారాలు పట్టింది, మార్చడానికి ఒక పూట.

గూగుల్ సేవలు కాని వాటికి ఇది ఎందుకూ పనికిరాదు. డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాచ్‌లు డెబియన్ సర్వర్ల నుంచి రావాలంటే క్లౌడ్ నాట్ (లోపలి ఐపీ మాత్రమే ఉన్న సర్వర్లను ఇంటర్నెట్‌కు పోనిచ్చే సేవ) కావాలి. మేము అలా ఒక సబ్‌నెట్‌కు మాత్రమే పెట్టుకున్నాం. అక్కడ ప్యాచ్‌లు వేసిన సర్వర్ ఇమేజ్ (నమూనా ప్రతి) తయారుచేసి, దాంతో మిగతా చోట్ల పాత సర్వర్లను తీసేసి కొత్తవి దించుతున్నాం. క్లౌడ్ నాట్ పెట్టిన సబ్‌నెట్‌కు ఈ మీట దానంతటదే పడుతుంది, నాట్ ఉన్నంతకాలం తీయడం కుదరదు.

మామూలు సబ్‌నెట్‌లో మాత్రం ఈ మీట మొదట ఆపే ఉంటుంది. పోయిన ఏడాది కొత్త ప్రాంతంలో సబ్‌నెట్ వేసి రెండు రోజులు లాగ్‌లు రాక తల పట్టుకున్నది ఇందుకే. ఇప్పుడు ఈ ఏర్పాట్లను కోడ్‌గా రాసుకునే టెర్రాఫామ్ మాడ్యూల్‌లోనే ఆ సెట్టింగ్ రాసేశాం. తిరిగి సృష్టించిన రూటు వివరణలో ‘పేరు చూసి తీసేయకండి, బ్యాకప్ దీని మీదే నడుస్తోంది’ అని నేనే రాసి పెట్టాను.