కోనసీమలో క్యూఎస్‌ఎల్ కార్డులు: 20 మీటర్ల తీగను ఏళ్ల తరబడి వాడాక

దూరదేశపు షార్ట్‌వేవ్ స్టేషన్‌ను విని రిపోర్టు పంపితే, విన్నది నిజమేనని ఆ స్టేషన్ పంపే కార్డే క్యూఎస్‌ఎల్. ఎస్‌ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్ ప్రసారాలు వినే సదుపాయం) ఉన్న, సిగ్నల్‌ను రెండు మెట్లలో మార్చుకునే డ్యూయల్ కన్వర్షన్ చేతి రేడియో, యాంటెన్నాగా 20 మీటర్ల తీగ, ఆ తీగకూ కేబుల్‌కూ పొంతన కుదిర్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ అయిన 9:1 బాలన్. అమలాపురం వైపు కార్డులు తెప్పించుకోవడానికి ఈ సరంజామా చాలు. ఇంతకంటే ఖరీదైన సెట్టు కొన్నా రిపోర్టు తప్పుగా రాస్తే కార్డు రాదు.

ముందు గోల సంగతి. చెరువుల్లో ఏరియేటర్లు తిరిగే రాత్రుళ్లు, అందులోనూ మోటార్లకు స్పీడ్ డ్రైవులు పెట్టిన చోట, కింది బ్యాండ్లలో బరబర తప్ప ఏమీ వినపడదు. ఉప్పుగాలి పట్టిన కరెంటు స్తంభాల ఇన్సులేటర్ల చిటపట దానికి తోడు. కరెంటు పోయాక జనరేటర్లు వేసేలోపు దొరికే ఆ పది నిమిషాలే బంగారం! మిగతా వేళల్లో రేడియోను బ్యాటరీల మీదే నడపాలి, ఫోన్ ఛార్జర్లు, ఎల్‌ఈడీ బల్బులు ఆపేయాలి. బాలన్‌ను ఇంటి బయట తీగ మొదట్లో పెట్టి, దానికి విడిగా నాలుగడుగుల ఎర్త్ రాడ్ దిగ్గొట్టాలి. మన నేలలో తేమకు ఎర్త్ బాగా పనిచేస్తుంది. అక్కడినుంచి లోపలికి టీవీ కేబులే సరిపోతుంది.

తీగను రెండు కొబ్బరిచెట్లకు బిగించి కడితే మొదటి గాలివానకే తెగుతుంది. ఒక కొసను కప్పీ మీదుగా దించి, ఇసుక నింపిన సీసా వేలాడదీస్తే చెట్టు ఊగినా తీగ నిలుస్తుంది. అతుకులకు సోల్డర్ వేసి రబ్బరు టేపు చుట్టండి. ఉరుము వినపడకముందే యాంటెన్నా ప్లగ్ పీకేయాలి.

సిగ్నల్‌ను ఒకే మెట్టులో మార్చే సింగిల్ కన్వర్షన్ సెట్లతో ఒక మోసం ఉంది. ఐఎఫ్ (సెట్టు లోపల సిగ్నల్‌ను మార్చుకునే మధ్య ఫ్రీక్వెన్సీ) 455 కిలోహెర్ట్జ్ కాబట్టి గట్టి స్టేషన్ అసలు చోటుకు దానికి రెట్టింపు, అంటే 910 కింద మళ్లీ పలుకుతుంది: 9,740లో ఉన్నది 8,830లోనూ దొరుకుతుంది. ఆ అంకె రాసి పంపితే రిపోర్టు బుట్టదాఖలే.

ఇక రిపోర్టు. టైము యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాయాలి, అంటే మన గడియారంలోంచి 5:30 తీసేయాలి. 12వ తేదీ తెల్లవారుజామున 4 గంటలకు విన్నది యూటీసీలో 11వ తేదీ 22:30. గంట సరిగ్గా రాసి తేదీ మార్చడం మరిచేవాళ్లే ఎక్కువ. వివరాలు కనీసం అరగంటవి కావాలి. ‘వార్తలు, తర్వాత పాట’ అంటే రుజువు కాదు. ఏ నిమిషానికి ఏ వార్త, చదివింది ఆడగొంతా మగగొంతా, స్టేషన్ పేరు ఎప్పుడు చెప్పారు అన్నది కావాలి. భాష రాకపోతే సిగ్నేచర్ ట్యూనూ వాయిద్యాలూ రాయొచ్చు. నిమిషం ఆడియో జతచేస్తే ఇంకా మంచిది. ఇంటర్నెట్‌లో విని రాయడం మాత్రం శుద్ధ దొంగతనం.

సిన్పో కోడ్ అంటే సిగ్నల్ బలం, ఇతర స్టేషన్ల అడ్డు, గోల, సిగ్నల్ హెచ్చుతగ్గులు, మొత్తం నాణ్యతలకు వరసగా వేసే మార్కులు, ఒక్కోదానికి 5 అంటే మేలు, 1 అంటే అధ్వానం. అందులో మొహమాటానికి 55555 వేయకండి. పక్క స్టేషన్ తినేస్తుంటే 43443 అని వేసి, ఆ స్టేషన్ ఏ ఫ్రీక్వెన్సీలో ఉందో కూడా రాయండి. ఇంజనీర్లకు పనికొచ్చేది అదే.

కొత్తవాళ్లు రేడియో రొమేనియా, జపాన్ ఎన్‌హెచ్‌కే, దక్షిణ కొరియా కేబీఎస్, తైవాన్ రేడియోలతో మొదలుపెట్టవచ్చు. బీబీసీ రిపోర్టులను ధ్రువీకరించదు, కార్డు కోసం దానికి రాయడం వృథా. మూడు నెలలు చూసి జవాబు రాకపోతే అదే రిపోర్టు మళ్లీ పంపండి. 2022లో జిల్లాలు మారాయి కాబట్టి పాత చిరునామా లేబుళ్లు ఓసారి చూసుకోండి, పిన్ మాత్రం తప్పకూడదు.

వచ్చిన కార్డులను పీవీసీ ఆల్బంలో పెడితే మన ఉక్కకు అతుక్కుపోతాయి. పాలీప్రొపిలీన్ కవర్లు కొని, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి.